పసుపు కాళ్ల టీం

నిన్న మెట్రోలో నిలబడి రీల్స్ పైకి తోస్తుంటే, ఫోన్ తనంతట తానే ఒక పాత ఫొటో తీసి చూపించింది. ఈమధ్య ఫోన్లకు ఇదో అలవాటు. మనం అడగకపోయినా జ్ఞాపకం అని ఒకటి తెచ్చి ముందు పెడతాయి. ఫొటోలో నీలం జెర్సీల్లో మేమంతా ఒక పెద్ద టార్పాలిన్ ముందు నిలబడి ఉన్నాం. అందరం తడిసి ముద్దయ్యాం. ఒక్కడి కాళ్లకూ బూట్లు లేవు. పిక్కల దాకా పసుపు.

పక్కనే నిలబడ్డ ఆఫీసు ఫ్రెండ్ తొంగి చూశాడు.

"ఎవరి పెళ్లి మామా?"

"పెళ్లి కాదు. ఫుట్‌బాల్ మ్యాచ్."

"గెలిచారా?"

"లేదు."

"మరి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారేంటి?"

నాకు కోపం వచ్చింది. నాకు కోపం ఎప్పుడూ తొందరగానే వస్తుంది. దిగేదాకా వాడితో మాట్లాడలేదు. ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాక ఆలోచిస్తే వాడడిగిన దాంట్లో తప్పేం కనపడలేదు. ఎందుకు నవ్వుతున్నామో నాకూ తెలియదు.

ఆ ఏడాది నేను ఆర్మూర్‌లో ఉన్నాను. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ని ఆర్మూర్‌లో డిగ్రీ చదవడానికి కారణం నా నోరు, నా చెయ్యి. ఇక్కడి కాలేజీ పార్కింగ్‌లో ఒక సీనియర్‌తో గొడవ పెట్టుకున్నాను. కాలేజీ వాళ్లు టీసీ చేతిలో పెట్టారు. నాన్న ఒక్క మాట కూడా తిట్టకుండా అమ్మమ్మకు ఫోన్ చేశాడు. అదే ఎక్కువ భయం వేసింది.

ఆర్మూర్ మామిడిపల్లి చౌరస్తాలో బస్సు దిగగానే మొదట తగిలింది వాసన. పసుపు ఉడకబెట్టే రోజులవి. మన ఇంట్లో డబ్బాలో ఉండే పసుపు వాసన కాదు. తడి మట్టి, పచ్చి వేరు, ఆవిరి, మందుల షాపు అన్నీ కలిపినట్టు ఉంటుంది. మొదట్లో తలనొప్పి వచ్చేది. తర్వాత అన్నంలో, దిండులో, నా చొక్కాల్లో అదే వాసన. ఆ తర్వాత తెలియడం మానేసింది.

"ఏముందిరా గా ఫోన్ల? రొట్టె సల్లగైతున్నది," అనేది అమ్మమ్మ. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం పచ్చిపులుసు, సాయంత్రం మక్క గుడాలు, అంటే ఉడికించిన మొక్కజొన్నలు. నేను ఒక చేత్తో తిని ఒక చేత్తో ఫోన్ చూసేవాణ్ని. "నువ్వు తింటున్నవో, అది నిన్ను తింటున్నదో," అని పళ్లెం లాక్కుని మళ్లీ తనే ఇంకో రొట్టె వేసేది.

అక్కడ కూడా గొడవలు పెట్టుకుంటానని భయపడి, సాయంత్రాలు ఖాళీగా ఉండకూడదని అమ్మమ్మే నన్ను పీటీ సార్‌కు అప్పజెప్పింది. సార్ ఆమెకు వరసకు తమ్ముడవుతాడు. ఆయనకు వచ్చిన ఆట కబడ్డీ. కాలేజీ పేరు మీద ఫుట్‌బాల్ టీం ఒకటి ఉండాలి కాబట్టి దానికి కోచ్ అయ్యాడు. లైను పక్కన నిలబడి, "పట్టుండ్రి, వానిని ఇడ్వకుండ్రి," అని అరిచేవాడు. మావాళ్లు నిజంగానే పట్టుకునేవాళ్లు. రెఫరీ ఫౌల్ ఇచ్చేవాడు. సార్‌కు ఆశ్చర్యంగా ఉండేది.

మా గ్రౌండ్ సగం మాది, సగం పసుపుది. సొంత కల్లం లేని రైతులు ఉడికించిన కొమ్ములు ట్రాక్టర్లలో తెచ్చి గ్రౌండ్ అంచుల్లో, గోల్‌పోస్టు వెనకాల పరిచేవాళ్లు. కాలేజీ వాళ్లు ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అందరి ఇళ్లల్లోనూ ఎవరో ఒకరిది పసుపే.

మొదటి రోజు ప్రాక్టీస్‌లో బంతి వెళ్లి ఆ పసుపులో పడింది. నేను కొత్త స్టడ్స్ వేసుకుని వెనకాలే ఉరికాను.

"ఓ పిల్లగా, ఆగక్కడ."

తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకామె, చేతిలో కొమ్ముల్ని తిరగేసే కట్టెతో లేచి నిలబడింది.

"బూట్లతోని తొక్కుతున్నవేంది? మొఖానికి పూసుకునేదాన్ని."

"మరి గ్రౌండ్‌లో ఎందుకు పోశారు?" అన్నాను.

"మరి మీరెందుకు ఆడుతుండ్రు కల్లంల?"

గోల్‌పోస్టులో నిలబడ్డవాడు దూరం నుంచి అరిచాడు. "అరేయ్ పట్నపోడా, మా అమ్మరా ఆమె. బూట్లిప్పి పో."

కూర్చుని లేసులు విప్పి, సాక్సులు తీసి, వట్టి కాళ్లతో వెళ్లి బంతి తెచ్చాను. ఇంకా ఎండని కొమ్ములు పాదాల కింద వెచ్చగా, గుండ్రంగా కదిలాయి. అది అక్కడి పద్ధతి. బంతి పసుపులో పడితే ఎవడైనా సరే బూట్లు విప్పాల్సిందే. బయటి టీంలు ఈ సంగతి తొందరగానే కనిపెట్టాయి. ఏం తోచకపోతే బంతిని పసుపులోకి కొట్టేవాళ్లు. మావాడు కూర్చుని లేసులు విప్పి, తెచ్చి, మళ్లీ కట్టుకునేలోగా వాళ్లు నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, ఎవరెక్కడ నిలబడాలో మాట్లాడుకునేవాళ్లు. మా కాళ్లు మాత్రం సీజనంతా పసుపే.

మా గోల్‌కీపర్‌ను అందరూ తలుపు అని పిలిచేవాళ్లు. ఎప్పుడూ తెరిచే ఉంటాడని.

"తలుపూ, జర ఇయ్యాల గొళ్లెం పెట్టరాదురా."

"నువ్వు ముందట గోలు కొట్టు. నేను గొళ్లెం, తాళం రెండు పెడ్త."

పొడుగ్గా, చేతులు ఇంకా పొడుగ్గా ఉండేవాడు. నిజానికి బంతి పట్టడం వాడికి బాగా వచ్చు. కానీ వాడి చూపు బంతి మీద ఉండేది కాదు. వెనకాల పసుపు మీద ఉండేది, లేదంటే సిద్ధులగుట్ట మీద మబ్బు ఉందా అని ఉండేది. ఆ తర్వాత యుద్ధం మొదలయ్యింది. అప్పటినుంచి ఫోన్ మీద ఉండేది.

యుద్ధం మా దగ్గర కాదు. గల్ఫ్ దిక్కు. కానీ ఆర్మూర్‌కు అది దూరం కాదని నాకు అప్పుడే తెలిసింది. టీంలో ఎవణ్ని అడిగినా నాన్నో, అన్నో, బావో అక్కడే. ఏ దేశమైనా వాళ్లకు దుబాయే. నేను పెరిగిన కాలనీలో యుద్ధమంటే టీవీలో ఎర్ర అక్షరాలు, ఫోన్‌లో మీమ్స్. మొదటి రోజు నేను ఒక మీమ్‌ను మా టీం గ్రూపులో పెట్టాను కూడా. ఎవడూ నవ్వలేదు. సాయంత్రం గ్రౌండ్‌కు వెళితే కల్లంలో ఆడవాళ్లందరూ నా చుట్టూ చేరారు.

"బిడ్డా, నీది పెద్ద ఫోన్ గద. ఏమంటుండ్రు, జర చూడు."

"విమానాలు బందట. నిజమేనా?"

"మావోడున్న కాడ పడ్డదా, పక్కపొంటి పడ్డదా?"

నాకేం తెలుసు. ఒకడు అంతా అయిపోయిందంటాడు, ఒకడు ఇప్పుడే మొదలైందంటాడు. నేను చదివింది చదివినట్టు చెబితే ఒకామె ఏడ్చింది. మళ్లీ కింద ఇంకోటి చదివితే అదే మనిషి నవ్వింది. నా చేతిలో ఉన్నది ఫోనో ఏమిటో నాకే అర్థం కాలేదు.

తలుపు వాళ్ల నాన్న అక్కడ వాటర్ ట్యాంకర్ నడిపేవాడు. ఆ నెలలోనే ఇంటికి రావాల్సింది. వాళ్లింట్లో ఒక లెక్క ఉండేది. ఒక మగమనిషి అక్కడుండాలి, ఒకరు ఇక్కడ పసుపు చూసుకోవాలి. తాత తిరిగొచ్చాక నాన్న వెళ్లాడు. ఇప్పుడు నాన్న వస్తే కొడుకు పోవాలి. మావాడికి వీసా వచ్చేసింది, అదే కంపెనీలో. నాన్న దిగడమే ఆలస్యం.

ఆయన రోజూ డ్యూటీ మధ్యలో, సరిగ్గా మా ఆట సమయానికే వీడియో కాల్ చేసేవాడు. మావాడి ఫోన్ అద్దం పగిలి మొహం ముక్కలు ముక్కలుగా కనిపించేది. వాళ్లమ్మ నా ఫోన్‌లో ఒకసారి ఆయన్ని చూసింది.

"ఇండ్ల మంచిగ కనపడ్తుండు," అంది.

ఆ ఒక్క మాటకు నేను రోజూ ఆట మొదలయ్యే ముందు వెళ్లి ఆమె చేతిలో నా ఫోన్ పెట్టడం మొదలుపెట్టాను. బాత్రూంలోకి కూడా ఫోన్ తీసుకెళ్లేవాణ్ని. ఎందుకిచ్చానో తెలియదు. ఆమె చేతులకు పసుపు. ఫోన్ కవర్ అంతా పసుపయ్యేది. నాకు ఒక్కరోజు కూడా కోపం రాలేదు.

"ఆడ మెరుస్తున్నయట గద మీద?" అని అడిగేది ఫోన్‌లో.

"ఏం లేదు. దీపావళి లెక్క కనపడ్తది. కొమ్ము ఎండిందా?" అనేవాడాయన.

"ఇంక పచ్చిగున్నది. నువ్వు బయిటికి పోకు."

"పోకుంటే నీళ్లెవడు పోస్తడు? వాడు గోలు ఆపిండా ఇయ్యాల?"

ఆమె నా వైపు చూసేది. నేను గ్రౌండ్‌లోంచే చేతులతో లేదని చెప్పేవాణ్ని. "ఆపిండు, మస్తు ఆపిండు," అనేది ఫోన్‌లో.

ఒకరోజు ఓడిపోయి వచ్చి కల్లం పక్కన కూర్చున్నాం. ఆమె స్టీలు గిన్నెలో గుడాలు పెట్టింది. ఉప్పు, ఉల్లిగడ్డ వేసి. తలుపు మొహం కడుక్కోవడానికి బోరింగ్ దగ్గరికి పోయాడు. ఆమె నన్ను అడిగింది.

"లడాయి ఎప్పుడు బంద్ అయితదట బిడ్డా?"

"తొందరగానే ఆగుతుందట పెద్దమ్మా," అన్నాను, ధైర్యం చెబుతున్నాననుకుని.

ఆమె గుడాలు చేత్తో కలుపుతూనే ఉంది.

"బంద్ అయితే నా పెనిమిటి వస్తడు, నా కొడుకు పోతడు. నడిస్తే నా కొడుకు ఉంటడు, ఆయన ఆడ్నే ఉంటడు. దేవునికి ఏమని మొక్కాలె? నువ్వు సదువుకున్నోనివి గద, చెప్పు."

నేను ఫోన్ తీసుకున్నాను. ఏం వెతకాలో తెలియలేదు. మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

ఆ రోజే తలుపుతో గొడవపడ్డాను. "నీకు పోవాలని ఉందా లేదా? ఒక్కటి చెప్పు," అన్నాను.

"ఆడ క్యాంపు పక్కపొంటి గ్రౌండున్నదట. లైట్లు పెట్టి ఆడ్తరట. పచ్చ గడ్డి."

"అంటే పోతవా?"

"అమ్మ ఒక్కతి గంత కొమ్ము ఎట్ల తిప్పుతది?"

"అంటే పోవా?"

"నాయిన మోకాళ్లు వంగుతలెవ్వు భయ్ ఇగ."

"అరేయ్, అడిగిందానికి జవాబు చెప్పు." కాలర్ పట్టుకున్నాను. వాడు నా చెయ్యి తీసేయలేదు. "నాకు సమజ్ అయితే ముందుగాల నీకే చెప్త," అన్నాడు మామూలుగా. కాలర్ వదిలేసి ఇద్దరం చౌరస్తా దాకా నడిచి మిర్చి బజ్జీలు తిన్నాం.

సీజన్‌లో ఆఖరి మ్యాచ్ మా గ్రౌండ్‌లోనే. అప్పటిదాకా ఒక్కటీ గెలవలేదు. సార్ పొద్దున్నే వచ్చి సున్నంతో గీతలు తనే గీశాడు. "ఇదొక్కటి కొట్టుండ్రి కొడుకులార. నేను ఊర్ల తలెత్తుకొని తిరుగుత," అన్నాడు.

రెండో సగంలో మేం ముందుకొచ్చాం. గోల్ కొట్టింది నేనే. గొప్పగా ఏం కాదు. లైన్ దాటిన బంతి గురించి రెఫరీతో వేలు చూపించి గొడవ పెట్టుకుంటుంటే, మావాడొకడు కొట్టిన బంతి నా వీపుకు తగిలి గోల్‌లోకి పోయింది. ఎవడో నన్ను ఎత్తుకునేదాకా నాకు తెలియదు. సార్ లైను పక్కన గంతులు వేస్తున్నాడు. తలుపు తన పోస్టులో రెండు చేతులూ చాపి, "ఇగ తాళమే," అని అరిచాడు.

ఆ తర్వాత వాడు నిజంగానే ఆడాడు. రెండు మంచి షాట్లు పక్కకు పడి పట్టాడు. అలాంటి గోల్‌కీపర్ మా దగ్గర ఉన్నాడని అప్పుడే చూశాం.

ఇంతలో గాలి లేచింది. సున్నం గీతలు పొగలా పైకి లేచాయి. సిద్ధులగుట్ట మీద ఆకాశం నల్లగా దిగింది.

"మొగులైంది," అన్నారు ఎవరో.

పసుపు ఎండే రోజుల్లో ఆ మాటకు అక్కడ ఎంత బలముందో నాకు అప్పటిదాకా తెలియదు. తడిస్తే కొమ్ము నల్లబడుతుంది, ఏడాది పని పోతుంది. ఎవరి కల్లం అని చూడరు, ఉన్నవాళ్లందరూ ఉరుకుతారు. ముందు తలుపు పోస్టు వదిలేశాడు. తర్వాత డిఫెండర్లు. తర్వాత అందరూ. ఒక్కొక్కడు పరుగెత్తుకెళ్లి పసుపు అంచున కూర్చుని, గబగబా లేసులు విప్పుకుని లోపలికి దూకాడు. అంత తొందరలోనూ బూట్లతో ఎవడూ దిగలేదు. సార్ చెప్పులు వదిలి, పంచె మడిచి, కొమ్ముల్ని కుప్పగా తోస్తున్నాడు. ఆటలో ఇంకా కాసేపుంది. రెఫరీ విజిల్ వేయలేదు.

గ్రౌండ్ మధ్యలో నేనొక్కణ్నే మిగిలాను. "అరేయ్, మ్యాచ్ రా. గెలుస్తున్నాం రా," అని అరిచాను. ఎవడూ వెనక్కి తిరగలేదు.

అవతలి టీం ఫార్వర్డ్ బంతిని కాలి కింద ఆపుకుని చుట్టూ చూశాడు. రెఫరీ వైపు చూశాడు. ఆయన భుజాలెగరేశాడు. వాడు మెల్లగా ఖాళీ పోస్టు దాకా నడిపించుకుపోయి లోపలికి తన్నాడు. చిరిగిన నెట్‌లోంచి బంతి వెళ్లి పసుపులో పడింది. నేను వాణ్ని కొట్టడానికే ఉరికాను. చెయ్యి ఎత్తాను కూడా. వాడు కింద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాను.

"బంతి తేవొద్దా? మాది మెండోర దిక్కు. మాకు గూడ పసుపున్నది," అన్నాడు తలెత్తకుండా.

ఎత్తిన చెయ్యి ఏం చేయాలో తెలియలేదు. తలుపు వాళ్లమ్మ అటువైపు నుంచి టార్పాలిన్ మూల మా ఇద్దరి మీదికి విసిరింది. "కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి. గా మూల గుంజుండ్రి."

గుంజాం. వాళ్ల టీంలో మిగతావాళ్లు కూడా వచ్చారు. రాళ్లు పెడుతుండగానే చినుకులు పెద్దవయ్యాయి. మేం కొందరం టార్పాలిన్ అంచు తలమీద పట్టుకుని దాని కిందే నిలబడ్డాం. అప్పుడు ఆమె కొంగులో నా ఫోన్ మోగింది.

"టికెట్ అయింది," అన్నాడు తలుపు వాళ్ల నాన్న. ఫోన్ వెలుగులో ఆమె మొహం కనిపిస్తోంది. "లడాయి ఆపుతుండ్రట. విమానాలు సురువైనయ్. నేనొస్తున్న. వానికి చెప్పు, బట్టలు సదురుకొమ్మని."

తలుపు నా పక్కనే టార్పాలిన్ పట్టుకుని ఉన్నాడు. అందరికీ వినపడింది.

"ఏంది? ఏం ఇనపడ్తలేదు," అంది ఆమె.

"నేనొస్తున్న అంటున్న. టికెట్..."

"వాన పడ్తున్నది. ఏం ఇనపడ్తలేదు. మళ్ల చెయ్." పెట్టేసింది. ఫోన్ తుడిచి నా చేతిలో పెట్టింది. "సిగ్నల్ లేదు బిడ్డా," అంది.

నేను చూశాను. సిగ్నల్ నిండా ఉంది. జేబులో పెట్టుకున్నాను. ఆమె కొడుకు తల వంచి పసుపు కాళ్లను చూసుకుంటున్నాడు. కాసేపటికి, "అమ్మా, ఆ పక్కకెల్లి నీళ్లొస్తున్నయ్," అన్నాడు. ఇద్దరూ అటు వెళ్లారు.

ఆటలోంచి వెళ్లిపోయిన టీం ఓడినట్టేనని రెఫరీ రాసుకున్నాడు. నేను ఆయనతో ఎప్పటిలాగే గొడవపడ్డాను. సార్ నా చెయ్యి పట్టి లాగాడు. "ఇడ్సిపెట్టు. కొమ్ము తడ్వలేదు గద," అన్నాడు. వాన ఆగాక ఆ మెండోర ఫార్వర్డే మా ఫొటో తీశాడు. అదే నిన్న ఫోన్ చూపించిన ఫొటో. జూమ్ చేసి చూస్తే తలుపు కూడా నవ్వుతున్నాడు. వాళ్లమ్మ వెనకాల టార్పాలిన్ మీద నీళ్లు తోస్తోంది. ఆమె మొహం కనపడదు.

ఆయన వచ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి కంపెనీ బూట్లతోనే నేరుగా కల్లానికి వచ్చాడు. అంచున ఒక చెయ్యి నేలకు ఆనించి కష్టంగా కూర్చుని, బూట్లు విప్పి, లోపలికి నడిచాడు. ఒక కొమ్ము తీసి విరిచి చూశాడు. ఠక్కున విరిగింది. "ఎండింది," అన్నాడు భార్యతో. ఆమె నవ్వింది, ఏడ్చింది. రెండూ ఎటు నుంచి ఎటు మొదలయ్యాయో నేను చెప్పలేను.

కొన్నాళ్లకే కొడుకు బయలుదేరాడు. చౌరస్తాలో హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డాం. వాడికి గట్టిగా ఏదో ఒకటి చెప్పాలనుకున్నాను. చెప్పకుండా నా ఇయర్‌ఫోన్స్ ఇచ్చాను. వాడు బస్సు మెట్టు మీద నిలబడి, "మొగులైతే చెప్పురా," అన్నాడు.

"చెప్తే ఏం చేస్తవ్ అక్కడ్నుంచి?"

"ఏం చెయ్య. ఊకె చెప్పు."

అప్పుడంతగా పట్టించుకోలేదు. ఇప్పుడా గ్రౌండ్ చుట్టూ గోడ ఉంది, మధ్యలో కొత్త బిల్డింగ్ ఉంది. పసుపు లోపలికి రానివ్వరు. కాలేజీకి టీం లేదు. సార్ రిటైరయ్యాడు, అమ్మమ్మ లేదు. తలుపు వాళ్లు ఆలూర్ దారిలో సొంత పొలంలోనే కల్లం చేసుకున్నారు. నేను మళ్లీ సిటీకి వచ్చేశాను. కోపం కొంచెం తగ్గిందంటారు, నాకైతే తెలియదు.

కానీ పసుపు ఎండే రోజులు వస్తే వాడి దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది. బాగున్నావా అని ఉండదు. "మొగులైందా?" అని ఒక్క మాట. మొదట్లో యాప్‌లో చూసి పంపేవాణ్ని. "యాప్ కాదురా, ఆకాశం చూసి చెప్పు," అంటాడు. నేనుండేది హైదరాబాద్‌లో. ఆర్మూర్ ఆకాశం నాకెలా కనపడుతుంది? అందుకని ఆమెకు ఫోన్ చేస్తాను.

నిన్న సాయంత్రం కూడా మెసేజ్ వచ్చింది. ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, అక్కడ మొగులైందా?"

"నువ్వు అడుగుతున్నవా, వాడు అడుగుతున్నడా?"

"ఇద్దరం," అన్నాను.

వెనకాల టార్పాలిన్ ఈడుస్తున్న చప్పుడు. ఆయన గొంతు, "ఏ, గా మూల గుంజు," అని అరుస్తోంది. దేనిమీదో చినుకులు టపటపమని పడుతున్నాయి.

"ఇద్దరికి చెప్పు బిడ్డా," అంది. "ఎండ మస్తుగున్నదని."

పెట్టేసింది. నేను మెసేజ్ టైప్ చేశాను. "ఎండ మస్తుగున్నదట." పంపే ముందు చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. పంపాను.

వాడు వెంటనే చూశాడు. బొటనవేలు బొమ్మ పెట్టాడు. కాసేపటికి ఇంకోటి వచ్చింది.

"అమ్మ చెప్పిందా?"